ఐపీ పెట్టినాయనకి క్రెడిట్ కార్డా?

మన గోదావరి వైపు "ఫలానా ఆయన ఐపీ పెట్టేశాడంట" అంటే చాలు, ఇంక వివరాలు ఎవరూ అడగరు. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, దివాలా దరఖాస్తు. ఆ చట్టం 1920 నాటిది. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది కదా అంటారేమో. అందులో వ్యక్తుల భాగం 2019 డిసెంబర్ నుంచి కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్లకే అమలవుతోంది. పెద్దాపురంలో బట్టల కొట్టు మునిగిన మా బావగారి లాంటి వాళ్లకు ఇప్పటికీ ఆ పాత చట్టమే దిక్కు.

కరోనాలో కొట్టు పోయింది. ఆయన కోర్టుకెళ్లారు, ఉన్నది అప్పగించారు, ఆఖరికి డిశ్చార్జ్ ఆర్డర్ తెచ్చుకున్నారు. తీరా ఫోన్ ఈఎంఐకి వెళితే రిజెక్ట్. "ఏవయ్యా, కోర్టే వదిలేసింది కదా, ఈ సిబిల్ ఎందుకు వదలదు?" అని నన్నడిగారు. ఆయన బాధ ఫోన్ గురించి కాదు. రెండేళ్లలో పాప ఇంజినీరింగ్‌కి వెళ్తుంది. ఎడ్యుకేషన్ లోన్‌లో తండ్రి కూడా సంతకం పెట్టాలి, అప్పుడు బ్యాంకు ఆయన రిపోర్టు కూడా తీస్తుంది.

రిపోర్టు తెరిచి చూస్తే ఒక విచిత్రం. ఊళ్లో అందరికీ తెలిసిన నోట్ల అప్పులు, చేతిబదుళ్లు అందులో ఒక్కటీ లేవు. వడ్డీ వ్యాపారి సిబిల్‌కి లెక్కలు పంపడు కదా! ఉన్నవల్లా బ్యాంకు లోన్, పాత కార్డు. రెండింటి పక్కనా 'రిటన్ ఆఫ్'. కోర్టు ఆర్డర్ ఆ మాటను దానంతటది చెరిపేయదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి చెప్పాలంటే అదొక లాగ్ ఫైల్. పాత లైన్లు డిలీట్ చేయలేం, కింద కొత్తవి రాసుకుంటూ పోవాలి. "5 వేలివ్వండి, సిబిల్ క్లీన్ చేస్తాం" అనేవాళ్లని నమ్మకండి. తప్పు ఉంటే ఫిర్యాదు ఉచితం. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. రిపోర్టు కూడా ఏడాదికోసారి ఫ్రీగా వస్తుంది.

కొత్త లైన్లు రాయడానికి సులువైన దారి ఎఫ్‌డీ మీద ఇచ్చే కార్డు. అయితే డిశ్చార్జ్ రాకముందు దీని జోలికి వెళ్లకూడదు. ఇది చాలామందికి తెలీదు. దివాలాదారుగా ప్రకటించాక, డిశ్చార్జ్ అయ్యేలోపు మీరు సంపాదించిన ఆస్తి కూడా కోర్టు చేతికే వెళ్తుంది. ఎఫ్‌డీ వేసినా అంతే. పైగా ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు, అవును, యాభై రూపాయలు, ఆపైన అప్పు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలు ఉండొచ్చు. 1920 నాటి యాభై, ఎవరూ మార్చలేదు!

బావగారు 25 వేల ఎఫ్‌డీ వేశారు, 20 వేల లిమిట్ ఇచ్చారు. సొంత డబ్బు తాకట్టు పెట్టి సొంత డబ్బే అప్పు తీసుకోవడమేంటని అక్క నవ్వింది. నిజమే, బ్యాంకుకి రిస్కు లేదు కాబట్టే ఇచ్చింది. కానీ ప్రతి నెలా టైముకి కట్టారన్న సంగతి సిబిల్‌కి వెళ్తుంది, మనకి కావలసింది అదే. కరెంటు బిల్లు, రీఛార్జి, గ్యాస్... అన్నీ కలిపి 6 వేలు దాటనివ్వొద్దన్నాను. లిమిట్‌లో 30 శాతం లోపు ఉంటే మంచిది. ఇక బిల్లు మీద కనిపించే 'మినిమం డ్యూ' అసలు చూడొద్దన్నాను. అది కట్టి ఊరుకుంటే మిగతాదానికి నెలకి మూడు, మూడున్నర శాతం వడ్డీ. మన నోట్ల వ్యాపారి రెండు రూపాయల వడ్డీయే నయమనిపిస్తుంది.

మొదటి ఆరు నెలలు స్కోరు పెద్దగా కదల్లేదు. బావగారు విసుక్కున్నారు కూడా. తర్వాత మెల్లగా కదిలింది, ఇంకా 700 దగ్గరికి రాలేదు. రిటన్ ఆఫ్ లైన్లు అక్కడే ఉన్నాయి. లోన్ వస్తుందని నేను మాటివ్వలేదు.

పాప ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్. ఈ నెల బిల్లు 2,140 రూపాయలు. గడువు 18వ తేదీ. బావగారు 12నే కట్టేసి స్క్రీన్‌షాట్ పంపారు.