సిద్ధార్థుడి నాయన ఏమయ్యాడు?

హెర్మన్ హెస్సే 'సిద్ధార్థ' 1922లో జర్మన్ భాషలో వచ్చిన చిన్న నవల. మనలో చాలామంది ఇంగ్లీషులో చదివుంటాం. చదివినవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటే: "నీ దారి నువ్వే వెతుక్కో." ఆ పుస్తకం అంత సులువైన మాటతో ఆగిపోలేదని నా అభిప్రాయం.

ముందు ఒక విషయం. ఈ సిద్ధార్థుడు బుద్ధుడు కాదు, ఆయన కాలంలో పుట్టిన ఒక బ్రాహ్మణ కుర్రాడు. జ్ఞానం కోసం ఇల్లు వదులుతానంటే నాయన ఒప్పుకోడు. రాత్రంతా కదలకుండా నిలబడి ఒప్పించుకుంటాడు. శ్రమణుల్లో కలుస్తాడు. గౌతముణ్ణి స్వయంగా కలిసినా శిష్యుడు కాడు. స్నేహితుడు గోవిందుడు మాత్రం అక్కడే ఉండిపోతాడు. తర్వాత కమల ప్రేమ, కామస్వామి దగ్గర వ్యాపారం, జూదం. అన్నీ విసుగొచ్చి, నది ఒడ్డున పడవ నడిపే వాసుదేవుడి దగ్గర చేరతాడు.

మనం గుర్తుపెట్టుకునేది ఇక్కడిదాకానే. అసలు దెబ్బ దీని తర్వాత తగులుతుంది. కమల పాము కరిచి చనిపోతుంది. వాళ్లిద్దరి కొడుకు, పదకొండేళ్లవాడు, తండ్రి దగ్గర ఉండలేక పారిపోతాడు. ఇన్నేళ్ల తపస్సూ ఆ బాధను ఆపలేదు. ఒకరోజు నీళ్లలో తన మొహం చూసుకుంటే అది నాయన మొహంలా కనిపిస్తుంది. తను వదిలేసి వచ్చిన మనిషి ఎంత ఏడ్చి ఉంటాడో అప్పుడు అర్థమవుతుంది. నా లెక్కలో నవలకి గుండెకాయ ఈ ఘట్టమే.

నా ఫిర్యాదు కూడా ఇక్కడే. ఆ నాయన ఏమయ్యాడు? కొడుకుని చూడకుండానే పోయి ఉంటాడని సిద్ధార్థుడు అనుకుంటాడు, అంతే. వెళ్లి చూడడు. బుద్ధుడైతే జ్ఞానోదయం తర్వాత కపిలవస్తుకు వచ్చి తండ్రి శుద్ధోదనుణ్ణి, కొడుకు రాహులుణ్ణి కలిశాడని బౌద్ధ కథలు చెప్తాయి. హెస్సే తన హీరోకి ఆ తిరుగు ప్రయాణం ఇవ్వలేదు.

మన దగ్గరా వదిలి వచ్చినవాళ్ల కథలకే గౌరవమెక్కువ. పెనుకొండ బాబయ్య దర్గాలో ఉన్న బాబా ఫకృద్దీన్ ఒకప్పుడు రాజని, రాజ్యం వదిలి గురువు కోసం బయల్దేరాడని చెప్పుకుంటారు. ఇంట్లో మిగిలినవాళ్ల గురించి ఎవరూ చెప్పరు.

ఇదంతా మనకెందుకంటే, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగళూరు రైలు దారిలోనే ఉన్నాయి. ఉద్యోగమొస్తే మనం ఎక్కేది ఆ రైలే. వెళ్లొద్దని నేననను, నేనూ వెళ్తా. కానీ "నన్ను నేను వెతుక్కుంటున్నా" అని స్టేటస్ పెట్టే ముందు, ధర్మవరంలో గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుని మన ఫీజులు కట్టినవాళ్లు గుర్తుకు రావాలి. వాసుదేవుడిదీ అలాంటి బతుకే: ఏళ్లకేళ్లు అదే రేవు, అదే పడవ. నదిని వినడం సిద్ధార్థుడికి నేర్పింది ఆయనే. ఒకచోట కూర్చుని పనిచేసేవాళ్ల దగ్గర నేర్చుకోవడానికి ఏమీ ఉండదని నవల ఎక్కడా అనలేదు.

మన పెన్న, చిత్రావతి ఏడాదంతా పారవు. వినాలనుకుంటే మగ్గం చప్పుడు ఉంది. నాయన బాధ అర్థం కావడానికి సిద్ధార్థుడికి సగం జీవితం పట్టింది. మనకి అంత పట్టకూడదు.