చిగుళ్లు మానాకే ఇంప్లాంట్

పన్ను ఊడిందంటే ఇప్పుడు ముందుగా వినిపించే మాట ఇంప్లాంట్. దవడ ఎముకలోకి టైటానియం స్క్రూ దించి, అది ఎముకతో అతుక్కున్నాక పైన క్యాప్ తొడుగుతారు. మంచి వైద్యమే, కాదనను. అయితే ఉన్న పన్ను ఎందుకు ఊడిందో తేల్చకుండా కొత్తది పెట్టడం తప్పు. పెద్దవాళ్లలో పళ్లు కదిలి రాలిపోవడానికి ముఖ్య కారణం చిగుళ్ల జబ్బు. ప్రపంచంలో 100 కోట్ల మందికి పైగా తీవ్రస్థాయి చిగుళ్ల జబ్బుతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో అంచనా వేసింది.

ఈ జబ్బు మూలం ఏమిటో 1965లోనే తేలింది. డెన్మార్క్‌లో హారల్డ్ లోయె బృందం చిగుళ్లు బాగున్న 12 మందిని పళ్లు తోముకోవద్దని కోరింది. మూడు వారాలు తిరగకముందే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమి పాచి తీయడం మొదలుపెట్టగానే వాపు తగ్గింది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ మనిషి దవడలో తొలి టైటానియం ఇంప్లాంట్లు బిగించిందీ ఆ ఏడాదే. ఆ స్క్రూను అందరం నేర్చుకున్నాం, ఆ పాచి పాఠాన్ని మాత్రం వదిలేశాం. పంటి మొదట్లో పేరుకునే పాచి సూక్ష్మజీవుల పొర. తీయకపోతే గట్టిపడి గార అవుతుంది. వాపు దశలో ఉన్న చిగురు పూర్తిగా మానుతుంది. ఎముక కరగడం మొదలైతే జబ్బును ఆపగలం కానీ, పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. పొగతాగేవాళ్లకు రక్తం అంతగా కారదు కనుక జబ్బు ముదిరేదాకా తెలియదు. షుగర్ అదుపులో లేనివాళ్లలో అది వేగంగా పెరుగుతుంది.

లోహం పుచ్చదు కదా, ఇంప్లాంట్‌కు ఏమవుతుందని అడిగేవారున్నారు. స్క్రూ పుచ్చదు, నిజమే. చెడేది దాన్ని పట్టుకున్న ఎముక. సొంత పంటి వేరులోకి చిగురు నారలు పాతుకుని ఉంటాయి; ఇంప్లాంట్‌కు ఆ పట్టు లేదు, అందుకే సూక్ష్మజీవులు త్వరగా లోతుకు దిగుతాయి. చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. పైపై వాపైతే శుభ్రం చేస్తే పోతుంది. ఎముక దాకా వెళితే చిగురు తెరిచి ఆపరేషన్ చేసినా ఫలితం ఖాయం కాదు, చివరకు ఇంప్లాంట్ తీసేయాల్సి రావచ్చు. మందుల షాపులో కొన్న యాంటీబయాటిక్ ఆ సూక్ష్మజీవుల పొరను తొలగించదు.

స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం ఇంకా పోలేదు. గార పోయాక సందులు కనబడేది నిజమే, కానీ ఆ సందులు చేసింది జబ్బు, గార వాటిని కప్పి ఉంచిందంతే. స్కేలింగ్, వేరు శుభ్రం అంటూ ముందు మరో ఖర్చెందుకన్నది ఇంకో అభ్యంతరం. చెడిపోయిన ఇంప్లాంట్ తీయించి మళ్లీ వేయించుకునే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. రక్తం కారే చిగుళ్లున్న నోట్లో ఇంప్లాంట్ వేయనని చెప్పడం డాక్టర్ బాధ్యత. వేయించుకునేవారు డాక్టర్‌ను రెండు ప్రశ్నలు అడగండి: నా చిగుళ్లు మానాయా? ఇంప్లాంట్ వేశాక ఎన్ని నెలలకోసారి శుభ్రం చేయించుకోవాలి?