స్వభావం పేరుతో ఎవరి పెత్తనం?

"ఎంత చెప్పినా ఆ పిల్లల బుర్రకెక్కదండీ, వాళ్ళ పుట్టుకే అంత." బళ్ళో సాటి పంతులు నోట ఈ మాట మేమూ విన్నాం. అన్నాయన మనుస్మృతి తిరగేసినవాడేం కాదు, బి.ఇడి.లో రూసోను బట్టీపట్టినవాడే. అందుకని ఈసారి తత్వవేత్తల సంగతే మాట్లాడుకుందాం.

మనిషి స్వభావం ఇదీ అని ముందు తేల్చి, దానిమీద సమాజాన్ని కట్టడం వీళ్ళ పద్ధతి. గ్రీసులో ప్లేటో మనుషుల్ని మూడు వాటాలేశాడు: ఏలేవాళ్ళు, యుద్ధం చేసేవాళ్ళు, పని చేసేవాళ్ళు. దేవుడే కొందరిలో బంగారం, కొందరిలో వెండి, మిగతావాళ్ళలో ఇనుమూ కంచూ కలిపాడని జనానికి కథ చెప్పమన్నాడు. అబద్ధమని తెలిసే చెప్పమన్నాడు! పురుషసూక్తం వల్లించేవాళ్ళు ఆపాటి నిజమైనా ఒప్పుకోరు. ఇనుపవాడికి బంగారు బిడ్డ పుడితే పైకి తీసుకోవాలని కూడా ప్లేటో అన్నాడు. మన కులంలో ఆ సందు కూడా లేదు. ఇక ఆయన శిష్యుడు అరిస్టాటిల్, కొందరు స్వభావరీత్యానే బానిసలని తేల్చేశాడు.

ఇంగ్లండు హాబ్స్ 1651లో ఇంకో మాట చెప్పాడు. రాజ్యం లేకపోతే మనిషి మీద మనిషి పడి చస్తాడు, కాబట్టి అందరూ ఒప్పందం చేసుకుని అధికారాన్ని రాజ్యానికి అప్పజెప్పి రక్షణ పొందాలని. మరి 1991 ఆగస్టు 6న చుండూరులో రాజ్యం లేదా? పోలీసులు ఊళ్ళోనే ఉన్నారు. ఎనిమిదిమంది మనవాళ్ళను నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేస్తే, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ ఒప్పందం మీద మన వేలిముద్ర ఎవరు, ఎప్పుడు వేయించుకున్నారు?

పుట్టేటప్పుడు మనిషి మనసు తెల్లకాగితం అన్నాడు లాక్. మంచి మాటే. కానీ బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఆయనా డబ్బు పెట్టాడు. నల్లవాడి బిడ్డ ఏ కాగితమో ఆయన్నే అడగాలి.

బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో ప్లేటోనూ చాతుర్వర్ణ్యాన్నీ పక్కపక్కన నిలబెట్టి నిలదీశారు. మనిషికీ మనిషికీ పోలికే లేనప్పుడు అందర్నీ మూడు నాలుగు గంపల్లో ఎట్లా సర్దుతారని. లాహోరులో ఆ ఉపన్యాసానికి పిలిచినవాళ్ళే సభ రద్దు చేసుకుంటే, సొంతంగా అచ్చువేయించారు. కొలంబియాలో ఆయనకు చదువు చెప్పిన జాన్ డ్యూయీ కూడా, మనం స్వభావం అనుకునేదాంట్లో చాలావరకు అలవాటేననీ, బతికే తీరు మారితే అదీ మారుతుందనీ 1922లోనే రాశాడు.

ఇప్పుడు మన పంతులుగారి మాటకొద్దాం. మిరప కోతలప్పుడూ, పత్తి తీతలప్పుడూ ఆ పిల్లలు అమ్మానాన్నలతో పొలాల్లో ఉంటారు. వారాల తరబడి బడి మొహం చూడరు. తిరిగొచ్చినవాళ్ళకు వెనక వరస. పోయిన పాఠం మళ్ళీ చెప్పేవాడుండడు. ఈసారి ఎవరన్నా 'పుట్టుక' అంటే, మన టీచర్లు తల దించుకుని బయటికి పోవద్దు. హాజరుపట్టీ తెచ్చి బల్లమీద పరచండి, ఏ నెలలో ఎన్ని గైర్హాజరులో ఆయన చేతనే లెక్కపెట్టించండి.