డబ్బు తీసుకుంటే అది ట్రయల్ ఎలా అవుతుంది?

నిద్ర లేచి గంట గడిచినా వేళ్లు ముడుచుకోవు. చొక్కా గుండీ పెట్టుకోవడం, పొయ్యి మీది పాలగిన్నె దించడం కూడా కష్టమే. రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొరపై దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్. మన వాడుకలో కీళ్లవాతం. ఇది ముప్పై, నలభై ఏళ్ల వారినీ వదలదు. స్త్రీలలో మరీ ఎక్కువ. ఢిల్లీ దగ్గరి బల్లభ్‌గఢ్ గ్రామాల్లో చేసిన సర్వే ఫలితాలు 1993లో వెలువడ్డాయి. పెద్దవాళ్లలో 0.75 శాతం మందికి, అంటే వెయ్యిలో ఏడెనిమిది మందికి ఈ జబ్బు ఉందని ఆ సర్వే తేల్చింది.

ఇంత నొప్పి ఉన్నచోట అంగడి వెలవకుండా ఉంటుందా? కొవ్వు నుంచో, బొడ్డుతాడు నుంచో తీసిన మూలకణాలు ఎక్కిస్తే జబ్బు సమూలంగా పోతుందని, ఇక మాత్రలు మింగనక్కర్లేదని ఊరించే ప్రకటనలకు కొదవ లేదు.

ఈ ప్రకటనల వెనక ఉన్న శాస్త్రం పూర్తిగా అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే. 1990ల చివర్లో, జబ్బు బాగా ముదిరిన కొందరి రక్త మూలకణాలను ముందుగా తీసి దాచేవారు. తర్వాత బలమైన మందులతో రోగనిరోధక వ్యవస్థను దాదాపు తుడిచిపెట్టి, దాచిన కణాలను తిరిగి ఎక్కించేవారు. మొదట ఎంతో ఉపశమనం కనిపించినా, చాలామందిలో జబ్బు తిరగబెట్టింది. అదే కాలంలో ఎటానెర్‌సెప్ట్ వంటి బయోలాజిక్ మందులు వచ్చాయి. దాంతో ప్రాణాపాయం కూడా ఉన్న ఆ పద్ధతిని కీళ్లవాతం విషయంలో దాదాపు పక్కన పెట్టేశారు.

ఇప్పుడు ప్రకటనల్లో ఊదరగొడుతున్నవి మీసెంకైమల్ కణాలు. ప్రయోగశాలలో ఇవి టీ కణాల దూకుడును తగ్గిస్తాయన్నది నిజం. అయితే ఇవి శరీరంలోకి వెళ్లి దెబ్బతిన్న కీలును కొత్తగా కట్టవు. ప్రధానంగా కొన్ని రసాయన సంకేతాలు విడుదల చేస్తాయి, అంతే. 1991లో వీటికి మూలకణాలన్న పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లానే, ఆ పేరు మార్చాల్సిన సమయం వచ్చిందని 2017లో రాశారు. క్లినిక్‌లు ఆ పేరు చూపి రోగుల్లో లేనిపోని ఆశలు రేపుతున్నాయన్నది ఆయన ఆవేదన.

అదే ఏడాది స్పెయిన్ నుంచి వెలువడిన ఒక అధ్యయనంలో 53 మంది కీళ్లవాత రోగులు పాల్గొన్నారు. కనీసం రెండు బయోలాజిక్ మందులు పనిచేయనివారు వీరంతా. 46 మందికి దాతల కొవ్వు నుంచి పెంచిన కణాలు ఇచ్చారు, ఏడుగురికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. కణాలను ఎక్కువమంది తట్టుకోగలిగారు. మేలు జరిగే సూచనలూ కొన్ని కనిపించాయి. కానీ ఏడుగురితో పోల్చి ఒక చికిత్స పనిచేస్తుందని తేల్చలేం. అది తేలాలంటే ఇంకా పెద్ద ట్రయల్స్ జరగాలి. ఆ ఖర్చు రోగి నెత్తిన రుద్దకూడదు.

మన దేశంలో మరో గందరగోళం ఉంది. బెంగళూరులో రూపొందిన స్టెంప్యూసెల్‌కు 2022లో మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ చికిత్సకు అనుమతి వచ్చింది. రెండు పేర్లలోనూ ఆర్థరైటిస్ ఉంది కదా అని కీళ్లవాతానికీ అదే వర్తిస్తుందనుకుంటే పొరపాటు. మొదటిది మృదులాస్థి అరుగుదల. రెండోది ఒళ్లంతటికీ సంబంధించినది, ఊపిరితిత్తులనూ దెబ్బతీయగలదు.

నిబంధనలు లేక కాదు. ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం కలిసి ఇచ్చిన 2017 మార్గదర్శకాల ప్రకారం, నిర్దిష్ట రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప, రుజువు కాని మూలకణ చికిత్స ఏదైనా అనుమతి పొందిన ట్రయల్‌లోనే జరగాలి. పాల్గొనేవారి నుంచి డబ్బు తీసుకోకూడదు. నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడని జబ్బుల పట్టికలో రుమాటిజాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టమే చేర్చింది. డెబ్బై ఏళ్లు దాటిన ఆ చట్టాన్ని కొత్త పేరుతో వచ్చిన పాత వ్యాపారం మీద ప్రయోగించడానికి ఇంత బద్ధకమెందుకో అధికారులే చెప్పాలి.

డబ్బు పోతే పోయింది, ఇంకేం నష్టమని అనుకునేవారూ ఉంటారు. అసలు నష్టం మాత్ర ఆపేయడంలో ఉంది. వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ చవకైన మందు. జబ్బు మొదలైన తొలి నెలల్లోనే వాడితే ఎముక కోసుకుపోవడాన్ని చాలావరకు నెమ్మదింపజేస్తుంది. ఒకసారి కోసుకుపోయిన ఎముకను ఏ సూదీ తిరిగి తేలేదు. అయినా ఈ మాత్రంటే రోగులకు భయమే. వికారం పెడుతుంది, జుట్టు రాలుతుంది, పైగా క్యాన్సర్ మందని ఎవరో చెబుతారు. క్యాన్సర్‌కు వాడే మోతాదు దీనికి ఎన్నో రెట్లు ఉంటుందని విడమరిచి చెప్పే తీరిక రద్దీ ఓపీల్లో వైద్యులకు దొరకదు. మూలకణాల క్లినిక్‌లో మాత్రం కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడతారు. ఈ తేడాను ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొంతైనా పూడ్చకుండా రోగులను అమాయకులని తప్పుపట్టడం అన్యాయం.

ట్రయల్ అని చెబితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు అడిగి చూసుకోవచ్చు. అదొక్కటే చాలదు. అమెరికాలోని ఫ్లోరిడాలో ముగ్గురు మహిళలు కంటి జబ్బుకు మూలకణాల ఇంజెక్షన్లు వేయించుకుని చూపు కోల్పోయారని 2017లో బయటపడింది. వారిలో కనీసం ఒకరు, ప్రభుత్వ రిజిస్ట్రీలో పేరు చూసి అది ట్రయలేనని నమ్మి వెళ్లారు. ఒక్కొక్కరు కట్టిన రుసుము 5,000 డాలర్లు.