దోషము నెన్నువారి దుస్థితి

వీడియో గేములను పరీక్షించుట యొక యుద్యోగమనగనే మన పెద్దలు నవ్వుదురు. ఆటలాడువానికి జీతమెందులకని యడుగుదురు. కాని పరీక్షకుడు వినోదమునకై యాడువాడు కాడు. ఆటలోని యొకే గోడను నూరుమార్లు నూరు విధముల ఢీకొని, ఎచ్చట తప్పు గలదో కనిపెట్టి, అది మరల నెట్లు బయటపడునో వరుసగా వ్రాసి నిర్మాతల కప్పగించువాడు. విడుదల దినము సమీపించుకొలది వాని పనిగంటలు పెరుగును. పని చక్కగా జరిగినచో దాని జాడ యెవరికిని కానరాదు. ఒక్క తప్పు మిగిలినచో తొలినింద వానిదే.

ఇట్టివారిని సంపన్నమైన యీ పరిశ్రమ చిరకాలముగా తాత్కాలికపు కూలీలవలె చూచుచున్నది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున రేవెన్ సాఫ్ట్‌వేర్ అను సంస్థ గలదు. 'కాల్ ఆఫ్ డ్యూటీ: వార్‌జోన్' అను ప్రసిద్ధమైన యాటకు పనిచేసిన యచ్చటి పరీక్షకులలో సుమారు 12 మందికి 2021 డిసెంబరులో ఉద్వాసన చెప్పిరి. సంస్థ మాటను నమ్మి, స్వంతవ్యయముతో దూరమునుండి వచ్చి స్థిరపడినవారును వారిలో గలరని తోడివారు వెల్లడించిరి. ఏరు దాటి తెప్ప తగలవేయుట యన నిదియే. సుమారు 60 మంది పని మాని నిరసించిరి. 2022 మే నెలలో పరీక్షకులు 19 వోట్లకు 3 వోట్లతో కార్మికసంఘమును స్థాపించుకొనిరి.

ఈలోపల నొక వింత జరిగెను. 2022 ఏప్రిలులో మాతృసంస్థయగు ఆక్టివిజన్, అమెరికాలోని తన తాత్కాలిక పరీక్షకులలో సుమారు 1,100 మందిని స్థిరోద్యోగులను గావించి, గంటకు 20 డాలర్ల కనీసవేతనమును ప్రకటించెను. కాని సంఘమునకై పోరాడిన రేవెన్ వారికి మాత్ర మా వేతనవృద్ధి లేదు! కార్మికచట్టమే యడ్డమని సంస్థ వాదించెను.

ఆట పూర్తియైనచో పరీక్షకుల పనియు తీరును గదా, వారినేల పోషింపవలయునని కొందరందురు. ఈ వాదము నేటి యాటలకు చెల్లదు. వార్‌జోన్ వంటి యాట విడుదలతో ముగియదు. క్రొత్తభాగములు చేరుచునే యుండును, క్రొత్తతప్పులు పుట్టుచునే యుండును. చేనికి నీరు పారునంతకాలము నీరుగంటి కావలయును. ఒక్క ప్రకటనతో 1,100 మందికి స్థిరత్వము లభించినదన్న, ఇంతకాలము లోపించినది సొమ్ము కాదు, సంకల్పమని తేలుచున్నది.

అయినను అస్థిరత యంతరింపలేదు. 2023లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ లూసియానా రాష్ట్రములోని బేటన్ రూజ్ నగరమున 200 మందికి పైగా పరీక్షకులను తొలగించెను. ఆ సంవత్సరమే జెనిమాక్స్ సంస్థలో సుమారు 300 మంది పరీక్షకులు సంఘము గట్టగా, యజమానియగు మైక్రోసాఫ్ట్ పోరులేకయే దానిని గుర్తించెను. 2025లో వారికి లిఖితమైన యొడంబడికయు సమకూడెను. సంఘమును గుర్తించినంతమాత్రమున నా సంస్థ కూలిపోలేదు.

ఈ విషయము మనకు పరాయిది కాదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు పరీక్షకవృత్తిచే జీవించు తెలుగుబిడ్డలెందరో కలరు. ఆటలను పరీక్షించువారును వారిలో గలరు. తప్పును చూపుటయే వాని ధర్మము. రేపటి యుద్యోగము నిలుచునో లేదోయని బెదరువాడు యజమానికి నచ్చని తప్పును నిర్భయముగా చూపగలడా? స్థిరోద్యోగము, అదనపు గంటలకు వేతనము, నిర్మాతల పట్టికలో పేరు, సంఘముగా కూడు స్వేచ్ఛ: ఇవి వానికి చేయు దానములు కావు. వాని కష్టమునకు చెల్లవలసిన న్యాయమైన మూల్యములు. తన తప్పులను చెప్పువానినే తరిమివేయు సంస్థ తన కన్నులను తానే పొడుచుకొనుచున్నదని యజమానులు గ్రహింతురు గాక!