అదెక్కడ పెట్టావ్?

ఇల్లు సర్దుకునే చిట్కాలు అని నెట్‌లో వెతికితే వచ్చేవన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకే సైజు గాజు సీసాలు ఓ ఇరవై కొనండి, వాటిమీద అందమైన అక్షరాలతో పేర్లు అంటించండి, చొక్కాలు నిలువుగా మడతపెట్టండి, ఫ్రిజ్‌లో బుట్టలు పెట్టండి. ఫొటోలు బావుంటాయి, కాదనను. కానీ ఆ ఫొటోల్లో మనుషులుండరు, గమనించారా? ముఖ్యంగా ఒక మనిషి ఉండదు. "అమ్మా, స్క్రూడ్రైవరెక్కడ?", "ఏమేవ్, నా పాన్‌కార్డు చూశావా?", "అత్తయ్యా, ఇంగువ అయిపోయిందా?" అని తలా ఓ మూల నుంచి అరుస్తుంటే వంటింట్లో నుంచి కదలకుండానే అన్నిటికీ జవాబు చెప్పే మనిషి.

నన్నడిగితే మన ఇళ్ళలో అసలు సమస్య అదే. ఆ ఒక్క బుర్రలో ఉన్న సమాచారం ఇంకెక్కడా లేదు. ఎన్ని సీసాలు కొన్నా అది తీరదు.

మన ఫీల్డులో దీనికో పేరుంది కదా, బస్ ఫ్యాక్టర్ అని. టీములో ఎంతమందిని బస్సు గుద్దితే ప్రాజెక్టు ఆగిపోతుందో ఆ అంకె. అది ఒకటి అని తేలిందా, మేనేజరుకి నిద్ర పట్టదు. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ సెషన్లు, డాక్యుమెంట్లు, బ్యాకప్ రిసోర్సు, నానా హడావుడీ చేస్తాడు. అదే పెద్దమనిషి సాయంత్రం ఇంటికెళ్ళి "ఏమోయ్, నా బనీన్లెక్కడున్నాయ్" అని కేకేస్తాడు. ఆవిడ కూడా అప్పుడే స్టాండప్ కాల్ ముగించుకుని లేచి ఉంటుంది, అది వేరే సంగతి.

2019లో మా అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషనయ్యి గుంటూరులో పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. నాన్న తెనాలిలో ఇంట్లో ఒక్కరే, నేను రెండు ఊళ్ళకీ మధ్య. నాన్న ముప్ఫై ఏళ్ళు పైచిలుకు లెక్కల పాఠాలు చెప్పిన మనిషి. కాఫీ పెట్టుకోగలరు, అన్నం వండుకోగలరు, పప్పులో పోపు కూడా వేసుకోగలరు. ఇబ్బంది వచ్చింది వాటితో కాదు. రోజూ పొద్దున్నా రాత్రీ ఆయన బీపీ మాత్రలు అమ్మే అరచేతిలో పెట్టేది. ఆయనకి తెలిసిందల్లా పొద్దున తెల్లది, రాత్రి చిన్న గులాబీ రంగుది. అమ్మ వెళ్ళిన నాలుగో రోజుకి స్ట్రిప్పు అయిపోయింది. షాపువాడు అదే మందు వేరే కంపెనీది ఇచ్చాడు, దాని రంగు వేరు. ఇది నాది కాదేమో అని ఆయన పక్కన పెట్టేశారు. అడిగితే అమ్మ కంగారుపడుతుందని ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు తల తిరుగుతోందంటే పక్కింటాయన తీసుకెళ్ళి చూపిస్తే బీపీ 180 దాటి ఉంది.

ఇదే వారంలో ఇంకోటి. ఇన్సూరెన్సు కార్డు కావాలన్నారు. ఇల్లంతా వెతికించాక చివరికి అమ్మే మంచం మీద నుంచి చెప్పింది, "బీరువా రెండో అరలో పసుప్పచ్చ పట్టుచీర కింద జాకెట్టు గుడ్డ కవర్లో ఉంటుంది చూడరా" అని. అక్కడే ఉంది! దాంతోపాటు రెండు ఫిక్సెడ్ డిపాజిట్ల కాగితాలు కూడా ఉన్నాయి. వాటి సంగతి నాన్నకీ తెలీదు, నాకూ తెలీదు. అమ్మ మాట్లాడే స్థితిలో ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. బ్యాంకుల్లో పదేళ్ళపాటు ఎవరూ కదిలించని డిపాజిట్లని రిజర్వు బ్యాంకు దగ్గరున్న ప్రత్యేక నిధికి పంపేస్తారు, 2014 నుంచీ ఉన్న పద్ధతే. అలాంటివి వెతుక్కోడానికి 2023 ఆగస్టులో 'ఉద్గమ్' అని ఓ పోర్టల్ కూడా పెట్టారు. వెతకడానికే ఓ పోర్టల్ కావాల్సి వచ్చిందంటే, ఎన్ని జాకెట్టు గుడ్డ కవర్లు ఎన్ని బీరువాల్లో ఉండి ఉంటాయో ఆలోచించండి.

కాబట్టి ఒక చిట్కా మంచిదా కాదా అని తేల్చడానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. దానివల్ల "అదెక్కడ పెట్టావ్?" అనే ప్రశ్న ఒకటి తగ్గిందా లేదా. తగ్గకపోతే అది అలంకారం, చిట్కా కాదు.

ఈ పరీక్ష పెడితే మన పాత వస్తువులు కొన్ని భలే నెగ్గుతాయి. పోపుల డబ్బానే తీసుకోండి. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, మెంతులు, పసుపు. ఎక్కువసార్లు కావాల్సినవన్నీ కొద్దికొద్దిగా ఒక్కచోట, చేతికందే దూరంలో. పెద్ద నిల్వ వేరే డబ్బాల్లో. ఇది అచ్చంగా క్యాష్ మెమరీ! మూత తీస్తే అన్నీ ఒకేసారి కనపడతాయి, పేర్లు అక్కర్లేదు. ఆవకాయ జాడీ కూడా అంతే. పెద్ద జాడీలోంచి వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుంటారు, రోజూ తడి గరిటెలు పెట్టేది చిన్నదాంట్లోనే, పాడైతే అదొక్కటే పాడవుతుంది. స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించడం సరేసరి. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వీధంతా తిరిగొచ్చినా ఎవరి గిన్నె వాళ్ళింటికి చేరేది.

ఇదే పరీక్షలో స్టీలు డబ్బాల వరస మాత్రం దారుణంగా తప్పుతుంది. ఓ ఇరవై డబ్బాలు, అన్నీ ఒకేలా ఉంటాయి, లోపల ఏముందో పెట్టినావిడకే తెలుసు. అందులో తెల్లగా ఉండేవి ఎన్నో చూడండి, మైదా, వరిపిండి, మొక్కజొన్న పిండి, వంట సోడా, పంచదార పొడి. ఇడ్లీ రవ్వ, ఉప్మా రవ్వ పక్కపక్కన పెడితే నేనైతే కళ్ళజోడు పెట్టుకుని చూసినా ఖాయంగా చెప్పలేను. మా ఇంట్లో ఈ తెల్లవన్నీ గాజు సీసాల్లోకి మార్చి తెలుగులో పేర్లు రాశాం. తెలుగులోనే ఎందుకంటే, ఆ పేర్లు చదవాల్సింది మా అమ్మ, ఇన్‌స్టాగ్రామ్ కాదు. వంటకొచ్చే లక్ష్మికి (అసలు పేరు కాదు లెండి) చదువు రాదు. ఆమె కోసం పేరు పక్కనే సీసా మూతకి రంగు రబ్బరుబ్యాండు వేశాం. ఎర్రది ఉప్మా రవ్వ, పచ్చది ఇడ్లీ రవ్వ. ఆ రంగులు ఆమె ఎంచుకున్నవే, అందుకే మర్చిపోదు.

సరుకులు అయిపోవడం గురించి. ఇప్పుడు పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు వచ్చాక ఇదసలు సమస్యే కాదనేవాళ్ళున్నారు. కందిపప్పు అయిపోయిందని తెలిస్తే కదా ఆర్డరు పెట్టేది! ఆ తెలుసుకునే పని ఇంకా ఒకరిదే. దీనికి నాకు నచ్చిన పద్ధతి రెండు డబ్బాలు. ప్రతి ముఖ్యమైన సరుకుకీ రెండు, వాడేది ముందు, రెండోది వెనక. ముందుది ఖాళీ అయ్యాక వెనకది ముందుకి జరుపుతారు, ఖాళీ డబ్బా గట్టు మీద బోర్లిస్తారు. గట్టు మీద బోర్లించి ఉన్నవే ఈ వారం కొనాల్సినవి. లిస్టు రాసే పనే లేదు, ఆ డబ్బాలే లిస్టు. టొయోటా కంపెనీలో తైచీ ఓనో నడిపించిన కాన్‌బన్ పద్ధతికి మూలం ఇలాంటిదే. అమెరికా సూపర్‌మార్కెట్లలో అర ఖాళీ అయినంత మేరకే మళ్ళీ నింపడం గురించి తెలుసుకుని దాన్ని ఫ్యాక్టరీకి తెచ్చాడాయన. ఇంకో లాభం, కొత్త పప్పు పాత పప్పు మీద పోసే అలవాటు పోతుంది. అడుగున ఉన్న పాతదానికి పురుగు పట్టేది ఆ అలవాటు వల్లే.

దీన్ని ఎక్సెల్ షీట్లో పెట్టే మిత్రులున్నారు. గూగుల్ షీటు, దానికో ఫార్ములా, తక్కువైతే ఎర్ర రంగు. ముచ్చటగా ఉంటుంది. కానీ పప్పు పోసేటప్పుడు చేతులు తడిగా ఉంటాయి, ఫోను హాల్లో ఛార్జింగులో ఉంటుంది. ఎవరు అప్‌డేట్ చేస్తారు? రెండు వారాల తర్వాత ఆ షీటుని నింపే బాధ్యత కూడా ఆ పాత మనిషి నెత్తినే పడుతుంది. అప్పుడు ఆవిడకి పని తగ్గకపోగా ఇంకోటి పెరిగినట్టు. మా ఇంట్లో రూలు ఏంటంటే, ఏదైనా ఎవరి చేతిలో అయిపోతే వాళ్ళే డబ్బా బోర్లించాలి. మా వాడికి తొమ్మిదేళ్ళు, వాడికీ అదే రూలు. బోర్నవిటా విషయంలో మాత్రం సగముండగానే బోర్లిస్తాడు.

మందుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బీపీ, షుగరు, థైరాయిడ్, ఏదో ఒకటి లేని ఇల్లు అరుదైపోయింది కాబట్టి. మేం చేసింది ఇది. బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించాం. మనిషి పేరు, జబ్బు, మందు అసలు పేరు (కంపెనీ పెట్టిన పేరు కాదు, లోపలి మందు పేరు), ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు, తినకముందా తిన్నాకా. రంగు రాయలేదు. అసలు పేరుంటే కంపెనీ మారినా భయముండదు, స్ట్రిప్పు మీద ఆ పేరు చిన్న అక్షరాల్లో అయినా ఉంటుంది. స్ట్రిప్పు నుంచి మాత్రలు తీసేటప్పుడు ఎక్స్‌పైరీ డేటు అచ్చేసిన చివర వదిలేసి రెండోవైపు నుంచి వాడుకోవాలి. లేకపోతే మిగిలిన నాలుగు మాత్రలకీ జాతకం ఉండదు. ఏడు అరల డబ్బాలో ఆదివారం రాత్రి వారానికి సరిపడా నాన్నే సర్దుకుంటారిప్పుడు. బుధవారం అర రాత్రికి కూడా నిండుగా ఉంటే వేసుకోలేదని ఎవరికైనా కనపడుతుంది.

గ్యాసు దగ్గరకొద్దాం. సిలిండరు బిగించిన రోజున గోడ క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీస్తే చాలు, రెండు మూడు సిలిండర్లయ్యేసరికి మీ ఇంటి లెక్క మీకు తెలిసిపోతుంది. ఎంత మిగిలిందో చూడాలంటే తడిగుడ్డతో సిలిండరుని పైనుంచి కిందికి తుడిచి కాసేపు ఆగండి. గ్యాసు ద్రవంగా ఉన్నంత మేర చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడి తడి ఆలస్యంగా ఆరుతుంది, గీత స్పష్టంగా కనపడుతుంది. ఇంకోటి చాలామంది చూడనిది. పైన రింగుని పట్టుకున్న పట్టీల లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. 'సి-27' అంటే ఆ సిలిండరుకి మళ్ళీ పరీక్ష జరగాల్సిన గడువు 2027 జులై-సెప్టెంబరు అని. ఎ అంటే మొదటి మూడు నెలలు, డి అంటే చివరి మూడు. గడువు దాటింది తెస్తే మార్చమనండి. రబ్బరు ట్యూబు ఐదేళ్ళకోసారి మార్చాలి. లీకైతే చేయాల్సిన నంబరు 1906, అది మాత్రం పొయ్యి పక్క గోడమీదే రాసుండాలి. బుకింగూ, డెలివరీ కోడూ ఎవరి ఫోనుకి వస్తాయో అది ఇంట్లో ఇంకొకరికీ తెలియాలి. అమ్మ ఆస్పత్రిలో ఉండగా బుకింగు మెసేజీ వెళ్ళింది ఆమె ఫోనుకే, ఆ ఫోనేమో ఆమె తలగడ కింద స్విచాఫ్!

కరెంటు బోర్డులో ఏ స్విచ్చి ఏ గదిదో, నీళ్ళ వాల్వుల్లో ఏది బోరుది ఏది మునిసిపాలిటీదో మార్కరుతో రాయడానికి అరగంట పట్టదు. అది చేసేయండి, దాని గురించి ఇంకేం చెప్పను.

ఇక కాగితాలు. ఒకటే ఫైలు, ఇంట్లో పెద్దవాళ్ళందరికీ చోటు తెలిసి ఉండాలి. అందులో మొదటి పేజీ ఒక సూచిక, ఏ బ్యాంకు, ఏ పాలసీ, నామినీ ఎవరు. పాస్‌వర్డులు అందులో వద్దు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ బిల్లులు థర్మల్ కాగితమైతే వారంటీ అయ్యేలోపే అచ్చు వెలిసిపోతుంది, కొన్న రోజే జిరాక్సు తీయండి. నామినీ మాత్రం ఒకసారి తెరిచి చూడండి. పెళ్ళికి ముందు తెరిచిన శాలరీ అకౌంటులో ఇంకా నాన్న పేరే ఉన్నవాళ్ళు మన ఆఫీసుల్లో బోలెడుమంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు కూడా.

ఇదంతా మొదలెట్టినప్పుడు మా అమ్మ అన్నమాట ఒకటి ఇక్కడ చెప్పకపోతే అన్యాయం. సీసాలకి పేర్లు రాస్తుంటే పక్కన కూచుని చూసి, "అన్నీ గోడలమీద రాసేస్తే ఇంక నాతో పనేముంటుందిరా?" అంది. నవ్వుతూనే అంది గానీ అది నవ్వులాట మాట కాదు. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఆమె పెద్దరికం అంతా ఆ తెలియడంలోనే ఉంది. ఎవరు ఏం వెతుక్కున్నా ఆమె దగ్గరకే రావాలి. ఆఫీసులో కూడా పాత కోడు ఒక్కడికే తెలిసినవాడు డాక్యుమెంటు రాయమంటే అందుకే నసుగుతాడు, కానీ వాడికి జీతం ఉంది, వేరే ఉద్యోగం ఉంది. అమ్మకి అవి లేవు. దీనికి నా దగ్గర తయారు జవాబు లేదు. ఏ చోట ఏముండాలో తేల్చే అధికారం మాత్రం ఆమెకే వదిలాం. నేను రాయడం వరకే. ఇంగువ డబ్బా మీద పేరు రాయనివ్వలేదు, "వాసన చాలదా" అంది. నిజమే.

ఈ మధ్య మోకాళ్ళ నొప్పులకని విజయవాడలో మా పిన్ని దగ్గర పదిరోజులుండి వచ్చింది. పదిరోజుల్లో నాన్న ఫోను చేసి ఆమెని ఏదెక్కడుందని అడిగింది రెండేసార్లు. ఒకటి సూదీ దారం. రెండోది అటక మీద ఇత్తడి బిందె. అటక సంగతి నాకూ ఇంతవరకూ తెగలేదు. అక్కడున్నవి ఎవరూ వాడరు, ఎవరూ పారేయనివ్వరు, ఏమున్నాయో ఎవరికీ పూర్తిగా తెలీదు. మీ ఇళ్ళలో ఎవరైనా దాన్ని ఓ దారికి తెచ్చి ఉంటే కాస్త చెబుదురూ.