చౌక కరెంటు.. తేడా చెల్లించేదెవరు?

హుజూర్‌నగర్: రేషన్ దుకాణాల ద్వారా సన్నబియ్యం పంపిణీకి 2025 మార్చి 30న శ్రీకారం చుట్టిన పట్టణమిది. బియ్యం తర్వాత పేదింటి పద్దులో తప్పించుకోలేని ఖర్చులు కరెంటు, వంటగ్యాస్. ఈ రెండింటి ధరలనూ ప్రభుత్వాలే అదుపు చేస్తున్నాయి. 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్ ఇచ్చే గృహజ్యోతి, రూ.500కే సిలిండరు ఇచ్చే మహాలక్ష్మి పథకాలను రాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 27న ప్రారంభించింది. పేదలకు ఊరట దక్కిన మాట నిజం. అయితే ధర తగ్గినంత మాత్రాన ఖర్చు తగ్గదు. ఆ తేడాను ఎవరో ఒకరు చెల్లించాలి. సకాలంలో చెల్లించకుంటే ఆ భారం తిరిగి వినియోగదారుడి గడపకే చేరుతుంది.

ఒక్క యూనిట్.. వెయ్యి రూపాయలు

2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన టారిఫ్ ప్రకారం గృహ వినియోగం నెలకు 100 యూనిట్లు దాటి 200లోపు ఉంటే మొదటి వందకు యూనిట్‌కు రూ.3.40, తర్వాతి వందకు రూ.4.80 చొప్పున లెక్కిస్తారు. ఆ లెక్కన 200 యూనిట్లకు ఇంధన చార్జీ రూ.820. గృహజ్యోతి లబ్ధిదారుకు అది సున్నా. మీటరు 201 చూపితే శ్లాబే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున, ఆపై యూనిట్‌కు రూ.7.70 పడుతుంది. మొత్తం రూ.1,027.70. స్థిర చార్జీలు, సుంకం దీనికి అదనం. ఆ నెలకు ఉచితం వర్తించదు.

నెలకు 200 యూనిట్లంటే రోజుకు ఆరున్నర యూనిట్ల పైచిలుకు. వేసవిలో కూలరు, ఫ్రిజ్, నీటి మోటారు కలిస్తే ఆ గీత దాటడం పెద్ద విషయం కాదు. ఒకే మీటరుపై రెండు కుటుంబాలు కాపురముంటున్న ఇళ్లలో ముప్పు మరీ ఎక్కువ. పొదుపు అలవాటు చేయడానికే ఈ గీత అనే వాదన ఉంది. అది సబబే అయినా, గీత దాటిన యూనిట్లకే ధర వసూలు చేసినా పొదుపు నేర్పవచ్చు. ఒక్క యూనిట్‌కు వెయ్యి రూపాయల శిక్ష అవసరం లేదు.

గ్యాస్‌ది మరో దారి

కరెంటు ధరను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. గ్యాస్ విషయంలో మాట ఢిల్లీది. హైదరాబాద్‌లో 14.2 కిలోల సిలిండరు ధర 2023 ఆగస్టు వరకు రూ.1,155 ఉండగా, రెండు విడతల తగ్గింపుతో 2024 మార్చిలో రూ.855కు దిగింది. 2025 ఏప్రిల్‌లో రూ.905కు పెరిగింది. మహాలక్ష్మి లబ్ధిదారు ముందుగా పూర్తి ధర చెల్లించాలి, రూ.500 పోగా మిగిలిన సొమ్ము తర్వాత బ్యాంకు ఖాతాలో జమ కావాలి. అంటే రాయితీ వచ్చేదాకా ప్రభుత్వానికి అప్పిస్తున్నది కూలి కుటుంబమే.

కేంద్రం స్థాయిలోనూ ఇదే తంతు. మార్కెట్ ధర కన్నా తక్కువకు గ్యాస్ అమ్మిన చమురు సంస్థలకు 2022 అక్టోబరులో రూ.22 వేల కోట్లు, 2025 ఆగస్టులో రూ.30 వేల కోట్ల పరిహారాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. అదుపు చేసిన ధర వెనుక ఖజానా సొమ్ము ఉండక తప్పదు.

సిరిసిల్ల చెప్పే పాఠం

లాభాపేక్ష లేని సంస్థ చేతికి పంపిణీ అప్పగిస్తే ధర తగ్గుతుందా? జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం (సెస్) 1970 ప్రాంతం నుంచి పనిచేస్తోంది. వినియోగదారులే సభ్యులు, డైరెక్టర్లను వారే ఎన్నుకుంటారు. 2022 డిసెంబరులో జరిగిన ఎన్నికలకు రాష్ట్రమంతటా చర్చ జరిగింది. అయితే సెస్ సొంతంగా కరెంటు ఉత్పత్తి చేయదు. ఉత్తర డిస్కం నుంచి కొని పంపిణీ చేస్తుంది. కొనే ధర, అమ్మే ధర రెండూ మండలి పరిధిలోనివే. కనుక సిరిసిల్ల ఇంటి బిల్లు హుజూర్‌నగర్ ఇంటి బిల్లు కన్నా చౌక కాదు. అక్కడి మేలు వేరు: ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే నిలదీయడానికి ఓటు వేసి గెలిపించిన డైరెక్టరు ఊళ్లోనే ఉంటాడు.

సహకారానికీ సొమ్ము కావాలి. మరమగ్గాల కరెంటు రాయితీ బకాయిల వివాదం సెస్‌ను ఏళ్ల తరబడి వెంటాడింది. అదే తరంలో పుట్టిన మహారాష్ట్రలోని ముళా ప్రవరా సంఘం బకాయిల ఊబిలో కూరుకుపోయి, 2011లో పంపిణీని రాష్ట్ర విద్యుత్ సంస్థకు అప్పగించింది.

చట్టం ఉంది.. అమలే కావాలి

సూర్యాపేట జిల్లాకు కరెంటిచ్చే దక్షిణ డిస్కం కూడా ప్రభుత్వ సంస్థే. లాభాలు పంచుకునే ప్రైవేటు వాటాదారులు దానికి లేరు. అయినా రెండు డిస్కంల పేరుకుపోయిన నష్టాలు రూ.62 వేల కోట్లు దాటాయని 2023 డిసెంబరులో శాసనసభ ముందుంచిన శ్వేతపత్రం తెలిపింది. ప్రభుత్వం రాయితీ ఇవ్వదలిస్తే ఆ సొమ్మును ముందుగానే చెల్లించాలని 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షన్ నిర్దేశిస్తోంది. అది తప్పితే డిస్కం అప్పు చేస్తుంది. అప్పుకు వడ్డీ, వడ్డీకి చార్జీల పెంపు. చార్జీల పెంపు ఎక్కడికి దారితీస్తుందో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో తెలుగు ప్రజలు చూశారు.

పులిచింతల జలవిద్యుత్ కేంద్రం మన జిల్లాలో ఉంది. మిర్యాలగూడ చెంత దామరచర్ల మండలంలో 4 వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వెలిసింది. కరెంటు పుట్టే చోట జనం అడుగుతున్నవి గొంతెమ్మ కోరికలు కావు. 200 దాటిన యూనిట్లకే బిల్లు వేయాలి. గ్యాస్ రాయితీ జమకు గడువు పెట్టాలి. డిస్కంకు చెల్లించిన రాయితీ లెక్కను నెలనెలా ప్రకటించాలి. సున్నా బిల్లు చూసి సంతోషించే కుటుంబానికి ఆ సున్నా ఎంతకాలం నిలుస్తుందో తెలుసుకునే హక్కు ఉంది.